నోరు తెరిచిన ఫోను

చుక్క ఫోనుకు ఎక్కడెక్కడ ఎంతమంది అభిమానులున్నా పళ్ళ డాక్టరమ్మను మించినవాళ్ళు లేరు. కంపెనీ ఆమెకు జీతం ఇవ్వలేదు, కమీషన్ ఇవ్వలేదు, కాస్త ప్రచారం చేసిపెట్టమని అడగనూ లేదు. పేషెంటును కుర్చీలో వెనక్కి వాల్చి, నోట్లో దూది కుక్కి, దీపం ముఖమ్మీదికి లాగి, అప్పుడు మొదలుపెట్టేది.

"ఏం ఫోను వాడుతున్నారు? అదా! అయ్యో పాపం. ఇదిగో నాది చూడండి, ఎక్కడైనా అతుకు కనిపిస్తుందా?"

పేషెంటు నోరు తెరుచుకునే ఉంటుంది గానీ మాట బయటికి రాదు. కాదనడానికి వీల్లేదు. అలా కుర్చీలో పడుకుని చుక్క ఫోనుకు మారినవాళ్ళు ఆ వీధిలో చాలామందే ఉన్నారు.

నిజానికి ఆ ఫోను అందమైనదే. ఏటి ఒడ్డున అరిగి నున్నబడ్డ గులకరాయిలా అరచేతిలో ఇమిడిపోయేది. వెనక, నడి మధ్యలో, చిన్న వెండి చుక్క పొదిగి ఉండేది. ధర విన్నవాళ్ళకు పట్టపగలే చుక్కలు కనిపిస్తాయి గనకే ఆ పేరు పెట్టారని గిట్టనివాళ్ళు అనేవారు. డాక్టరమ్మ ఆ మాటకు నవ్వి ఊరుకునేది. ఎందుకంటే ఆ ఫోను ఒంటిని తీర్చిదిద్దింది స్వయానా ఆమె మరదలు, తమ్ముడి భార్య.

ఆ మరదల్ని కంపెనీలో అందరూ "శిల్పిగారూ" అనేవారు. చదివింది ఇంజనీరింగే అయినా పని తీరు మాత్రం శిల్పిదే. కొత్త నమూనా చేతికి రాగానే ముందు కళ్ళు మూసుకుని అంచుల వెంట గోటితో తడిమేది. గోరు ఎక్కడ తగులుకున్నా వెనక్కి పంపేది. అద్దాన్నీ లోహాన్నీ జిగురుతో కలిపి, రెండూ ఒకే ముక్కలో పుట్టాయా అనిపించేలా చేసింది ఆమే. "గోరు దూరని ఫోను" అని కంపెనీ గొప్పగా చెప్పుకున్న మాట ఆమె చేతుల్లోంచి వచ్చిందే.

ఒక సెలవు రోజు డాక్టరమ్మ తమ్ముడింటికి భోజనానికి వచ్చింది. లెక్కల మాస్టారైన ఆ తమ్ముడు అక్క పళ్ళెంలో రెండోసారి కూర వడ్డిస్తుండగా ఎక్కడో ఫోను మోగింది. ఆ ఇంట్లో ఎప్పుడూ వినని పాట. ఎవరిదా అని చూస్తుంటే డాక్టరమ్మ సంచిలోంచి లావుపాటి నల్ల ఫోను తీసి, "తర్వాత మాట్లాడతా" అని పెట్టేసి, దాన్ని బల్ల మీద ఉంచింది. మాస్టారి చేతిలో గరిటె గాల్లోనే ఆగిపోయింది.

"అక్కా, అది నీదేనా?"

"నాదే."

"మరి చుక్క?"

"సొరుగులో ఉంది. పోయింది పాపం."

శిల్పి చేతిలోని ముద్ద పళ్ళెంలో పెట్టేసింది. "కింద పడిందా వదినా?"

"నేనెందుకు పడేస్తానమ్మా, పసిపిల్లలా చూసుకున్నదాన్ని. బ్యాటరీ నీరసపడింది. మధ్యాహ్నానికే కళ్ళు తేలేస్తోంది. మీ సర్వీసు కౌంటరుకి తీసుకెళ్తే ఆ అబ్బాయి ఏమన్నాడో తెలుసా? అతికించేశారు మేడమ్, విప్పితే పగులుతుంది, కొత్తది తీసుకోండి అన్నాడు. నవ్వుతూ మరీ! పన్ను పుచ్చిందని నా దగ్గరికి వస్తే మనిషినే మార్చుకోమని పంపిస్తానా మరదలా?"

మాస్టారికి నవ్వు వచ్చింది గానీ భార్య ముఖం చూసి మింగేశాడు.

"నేను రేపే కొత్తది తెచ్చిపెడతాను వదినా," అన్నది శిల్పి.

"ఊరికే ఇచ్చినా వద్దు. మీ కొత్తది కూడా కొన్నాళ్ళకు ఇలాగే అవుతుంది, మళ్ళీ ఆ అబ్బాయి ఇలాగే నవ్వుతాడు. నాకెందుకొచ్చిన గొడవ? ఇది చూడ్డానికి ఇటుకలా ఉన్నా వెనక మూత ఊడొస్తుంది." అంటూ డాక్టరమ్మ మళ్ళీ పళ్ళెంలో చెయ్యి పెట్టింది. "కూర బాగుంది రా తమ్ముడూ. ఎవరు చేశారు?"

ఆ పూట ఇంక ఫోను మాట రాలేదు. కానీ శిల్పి మనసులో అది ముల్లులా ఉండిపోయింది. తిడితే పట్టించుకునేది కాదు. వదిన తిట్టలేదు, వాదించలేదు, వదిలేసింది. అంత ప్రేమగా మోసిన మనిషి ఇంత తేలిగ్గా దించేసిందంటే తప్పు మోసినవాళ్ళది కాదని ఆమెకు తెలుస్తూనే ఉంది.

మర్నాడు ఆఫీసుకు వెళ్ళకుండా శిల్పి తిన్నగా సర్వీసు కౌంటరుకు వెళ్ళి, మెడలో కార్డు తీసి సంచిలో పెట్టుకుని, వచ్చినవాళ్ళ కుర్చీల్లో ఒక కుర్చీలో కూర్చుంది. తెల్లటి గోడలు, చల్లటి గాలి, ఎక్కడా మరక లేదు. ఒకావిడ తన ఫోనును కౌంటరు మీద పెట్టేముందు పైట చెంగుతో తుడిచింది, బిడ్డను డాక్టరుకు చూపించేముందు ముఖం తుడిచినట్టు. కౌంటరులో అబ్బాయి ఎంతో మర్యాదగా అదే మాట చెప్పాడు. ఆవిడ ఫోను తీసుకుని బయటికి నడిచి, రోడ్డు దాటి, ఎదురుగా ఉన్న వేరే కంపెనీ కొట్లోకి వెళ్ళింది. అద్దంలోంచి శిల్పికి అంతా కనిపిస్తూనే ఉంది. ఆవిడ వెనకే ఇంకొకాయన వెళ్ళాడు. తర్వాత ఒక జంట. సర్వీసు కౌంటరు అవతలి కొట్టుకు దారి చూపించే గేటులా అయిపోయింది.

శిల్పి లేచి, కార్డు మళ్ళీ మెడలో వేసుకుని, ఆఫీసుకు వెళ్ళి, పెద్దమ్మగారితో మాట్లాడాలని చెప్పింది.

పెద్దమ్మగారంటే కంపెనీ పెట్టినావిడ. జుట్టంతా తెల్లబడింది. ఒకప్పుడు రేడియోలు బాగుచేసే బల్లతో మొదలుపెట్టి ఇంత చేసింది. మాట తక్కువ. ఆవిడ పక్కన అమ్మకాల అధిపతి ఉన్నాడు. గ్రాఫు గీయకుండా మంచినీళ్ళు కూడా అడగడని అందరూ ఆయన్ను "గ్రాఫుగారు" అనేవారు. ఆయన మంచివాడే, కానీ గీత పైకి పోతుంటే లోకమంతా క్షేమంగా ఉందనుకునే మనిషి.

శిల్పి చెప్పింది విని ఆయన గోడ మీద గ్రాఫు వెలిగించాడు. "మీరు కంగారు పడుతున్నారు. బ్రాండ్ లాయల్టీలో మనల్ని కొట్టినవాళ్ళు లేరు. చుక్క వాడినవాళ్ళు మళ్ళీ చుక్కే కొంటున్నారు, చూడండి."

"కొనక ఏం చేస్తారండీ? ఫొటోలు మన దగ్గర, పాటలు మన దగ్గర, వాచీ కూడా మన ఫోను తప్ప ఇంకోదాని మాట వినదు. బయట గొళ్ళెం పెట్టి, లోపల కూర్చున్నవాణ్ణి చూసి మా ఇల్లంటే ఎంత ఇష్టమో, కదలడం లేదు అనుకుంటే ఎలా? ఆ గొళ్ళెం ఊడదీసుకున్నవాళ్ళు రోడ్డు దాటి పోవడం పొద్దున నా కళ్ళతో చూశాను."

గ్రాఫుగారి ముఖం ఎర్రబడింది. "సరే, ఏం చేద్దామంటారు?"

"విప్పుకోగలిగే ఫోను చేద్దాం. ఒళ్ళు ఏళ్ళ తరబడి వాళ్ళ దగ్గరే ఉంటుంది. లోపల బ్యాటరీ పాతబడితే బ్యాటరీ, కెమెరా పాతబడితే కెమెరా, ఇంట్లోనే కూర్చుని మార్చుకుంటారు."

"ఒళ్ళు అన్నేళ్ళుంటే మనం అమ్మేదేంటి? అయినా ఖరీదైన ఫోనన్నాక లోపల ఏముందో తెలియకూడదు. మూత ఊడొచ్చేది చవక సరుకు."

"భాగాలు అమ్ముదాం. ఖరీదైన వాచీకి వెనక మూత లేదా? ఖరీదైన వయొలిన్‌కి తీగలు మార్చరా? తీగ తెగిందని వయొలిన్ పారేయమంటే వాయించేవాళ్ళు మన మొహాన కొడతారు."

అంతసేపూ వింటూ కూర్చున్న పెద్దమ్మగారు అప్పుడు కళ్ళజోడు తీసింది. "మీ ఆడపడుచు వెళ్ళిపోయిందన్నావు. మళ్ళీ వస్తుందా?"

"నా మొహం చూసి రాదమ్మా. ఫోను బాగుంటే వస్తుంది."

"అయితే చెయ్యి. కానీ ఒక్క మాట. ఇప్పుడున్నదాని కంటే వెంట్రుకవాసి వికారంగా ఉన్నా నా దగ్గరికి తీసుకురాకు. నీళ్ళలో పడ్డా ఏమీ కాకూడదు. జిగురు చుక్క కూడా ఉండకూడదు."

శిల్పి ఆ గదిలోంచి గెలిచినట్టే బయటికి వచ్చింది. పని మొదలయ్యాక తెలిసింది, ఒప్పుకున్నది ఎంత పెద్ద కొండో.

జిగురు లేకపోతే నీళ్ళు ఆగవు. జిగురు బదులు అంచు చుట్టూ సన్నటి రబ్బరు తీగ పరిచారు. మూత మూసి మరలు బిగించారు. చూడ్డానికి బాగానే ఉంది. నీళ్ళ పరీక్ష చేసే ఆయన చేతికి ఇచ్చారు. ఆయనకు "చేప" అని పేరు. పొద్దస్తమానం తొట్టి నీళ్ళలో చేతులు పెట్టుకుని ఉండడం వల్ల వేళ్ళు ఎప్పుడూ ముడతలు పడి ఉండేవి. ఫోను ముంచి, తీసి, తుడిచి, దీపం కింద పెట్టి చూసి, తల అడ్డంగా ఊపేవాడు. కెమెరా అద్దం వెనక పొగలాంటి తడి. రబ్బరు మార్చారు, మళ్ళీ పొగ. మరలు ఎక్కువ పెట్టారు, ఇంకో మూల పొగ. ఇంకా గట్టిగా బిగిస్తే అద్దమే పగిలింది. కంప్యూటరులో చూస్తే అన్ని కొలతలూ సరిగ్గా ఉన్నాయి. తొట్టిలో మాత్రం నీళ్ళు ఎలాగో లోపలికి పోతూనే ఉన్నాయి.

గ్రాఫుగారు అప్పుడప్పుడూ తొంగిచూసి, "జలకన్య ఎలా ఉంది?" అని అడిగి పోయేవాడు. శిల్పి పళ్ళు కొరికేది.

అలా కొరికీ కొరికీ ఒక పన్ను నిజంగానే విరిగింది.

డాక్టరమ్మ మరదల్ని కుర్చీలో వాల్చి, దీపం లాగి, నోట్లోకి చూసి, "ఎవరి మీదమ్మా ఇంత కోపం?" అన్నది. మత్తు సూది వేసి, విరిగినదాన్ని సానబెట్టి, పైన తొడగాల్సిన తొడుగును అమర్చింది. ఆ తర్వాత నీలం రంగు పూసిన పల్చటి కాగితం ముక్క పళ్ళ మధ్య పెట్టింది. "కొరుకు. ఇంకోసారి. పక్కకి జరిపి కొరుకు." కాగితం తీసి చూసింది. తొడుగు మీద ఒక చోట ముదురు నీలం మచ్చ పడింది. అక్కడ కాస్త అరగదీసి మళ్ళీ కొరకమంది. ఈసారి మచ్చలు అన్ని వైపులా సమానంగా పడ్డాయి.

"జిగురు ఎక్కువ పెట్టేస్తే సరిపోదా వదినా?" అని శిల్పి అడగబోయింది. మత్తుకు సగం నోరు మొద్దుబారి, వదినకు "జిగుయు" ఒక్కటే వినిపించింది.

"జిగురుదేముందమ్మా, ఆఖర్న పేరుకి కాస్త రాస్తాం. అమరిక కుదరాలి. ఒత్తిడి ఒకే చోట పడితే ఎంత జిగురు పూసినా ఊడొస్తుంది. అంతటా సమానంగా పడితే అదే పట్టుకుంటుంది," అంటూ ఆ కాస్త జిగురూ రాసి తొడుగు నొక్కిపెట్టింది.

శిల్పి కుర్చీలోంచి దిగ్గున లేచింది. బల్ల మీదున్న నీలం కాగితాల కట్ట తీసుకుని, మెడకు కట్టిన గుడ్డ కూడా విప్పకుండా, బయటికి పరుగెత్తింది. "ఏయ్, మందులు!" అని డాక్టరమ్మ కేకేస్తూనే ఉంది.

ఆఫీసులో చేప తొట్టి పక్కన కూర్చుని ఉన్నాడు. శిల్పి రొప్పుతూ వచ్చి, "నీయం తాయితం! మూత తింద పెత్తు!" అన్నది.

"ఏం తాయెత్తండీ? ఎవరికి కట్టాలి?"

ఆమె నుదురు కొట్టుకుని, కాగితం పరిచి, దాని మీద మూత మూసి, బిగించి, విప్పి చూపించింది. అంచు చుట్టూ నీలం గీత పడింది. మరల దగ్గర చిక్కగా, వాటి మధ్య పల్చగా, కెమెరా పక్క మూలలో అసలే లేదు. నీళ్ళు దూరుతున్నది సరిగ్గా అక్కడే. కొలతలన్నీ నిజమే, కానీ మరలు బిగించినప్పుడు మూత ఎక్కడ ఎంత వంగుతోందో కొలతలు చెప్పలేదు. చేప ఆ గీతను చూసి, ఆమె వాచిన బుగ్గను చూసి, చేతులు తుడుచుకుని గట్టిగా చప్పట్లు కొట్టాడు. గదిలో అందరూ చుట్టూ మూగారు.

అక్కణ్ణుంచి పని పరుగులు పెట్టింది. మరలన్నీ తీసేశారు. వెనకున్న వెండి చుక్కనే తాళం చేశారు. చుక్కలో కంటికి ఆనని చిన్న గాడి. అందులో చిట్టి తాళంచెవి పెట్టి తిప్పితే లోపల్నుంచి కొక్కేలన్నీ ఒక్కసారిగా మూతను లాగి పట్టుకుంటాయి. అన్ని వైపులా ఒకే బలం. నీలం కాగితంతో పడిన గీత ఎక్కడా తెగకుండా గుండ్రంగా తిరిగి వచ్చిన రోజున చేప ఫోనును తొట్టిలో ముంచి, తీసి, తుడిచి, దీపం కింద చూసి, మళ్ళీ ముంచాడు. మళ్ళీ చూశాడు. "పొడిగా ఉంది," అన్నాడు.

శిల్పి కళ్ళు మూసుకుని అంచుల వెంట గోటితో తడిమింది. ఎక్కడా తగులుకోలేదు.

పెద్దమ్మగారు ఆ ఫోనును చేతిలోకి తీసుకుని, తనే తాళం తిప్పి, మూత తీసి, లోపల వరసగా పేర్చిన భాగాలను చాలాసేపు చూసింది. "రేడియో విప్పి ఎన్నేళ్ళయిందో," అన్నది. ఆ ఒక్క మాటే అనుమతి.

ఫోను విడుదల రోజున హాలు కిక్కిరిసిపోయింది. పత్రికలవాళ్ళు, పాత అభిమానులు, అభిమానం పోగొట్టుకున్నవాళ్ళు, వేళాకోళం చేద్దామని వచ్చినవాళ్ళు అందరూ ఉన్నారు. వేదిక మీద తెర పెట్టి, ఫోను ఎలా విప్పాలో సినిమా చూపిస్తున్నారు. సగంలో వెనక వరసలోంచి ఒక గొంతు ఖంగున మోగింది.

"సినిమాలు చాల్లెండి! మీ ఇంజనీర్లు విప్పితే తెరుచుకుంటుంది. మాలాంటోళ్ళు విప్పితే?"

హాలంతా వెనక్కి తిరిగింది. బాగా లావుపాటి మనిషి. లారీ డ్రైవర్నని తనే చెప్పాడు. చుక్క ఫోను వాడి, వాడి, విసిగి వదిలేశానని కూడా చెప్పాడు. గ్రాఫుగారు తెర పక్కనుంచి ఆయన్ను కూర్చోబెట్టమని సైగ చేస్తున్నాడు. శిల్పి మైకు అందుకుంది.

"రండి సార్. మీరే విప్పండి."

డ్రైవరు వేదిక ఎక్కాడు. శిల్పి ఆయన వేళ్ళు చూసింది. ఒక్కో వేలూ అరటిపండంత ఉంది. తాళంచెవి ఆ వేళ్ళ మధ్య కనిపించకుండా పోయింది. ఒకసారి జారి కింద పడింది. ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన వంగి తీసుకుని, ఈసారి నెమ్మదిగా గాడిలో పెట్టి తిప్పాడు. టక్‌మన్న చిన్న చప్పుడు. మూత చేతిలోకి వచ్చేసింది.

"ఓర్నీ!" అన్నాడాయన మైకులోనే.

బ్యాటరీ తీశాడు, కొత్తది పెట్టాడు, మూత మూసి తాళం తిప్పాడు. పెద్ద గాజు గిన్నె నిండా నీళ్ళున్నాయి. "ఇందులో పడేయనా?" అని శిల్పి వైపు చూశాడు. పడేయమంది. ఫోను గింగిరాలు తిరుగుతూ అడుగుకు చేరింది. దాని తెర నల్లగా ఉంది. గిన్నెలో నీళ్ళు నింపి వచ్చిన చేప వేదిక తెర వెనక రెండు తడి చేతులూ నెత్తిన పెట్టుకుని నిలబడ్డాడు. అప్పుడు నీళ్ళ అడుగున ఫోను తెర మీద వెండి చుక్క బొమ్మ మెల్లగా వెలిగింది. ముందు వరసలో పెద్దమ్మగారు తన ఫోను తీసి నంబరు నొక్కింది. గిన్నెలోంచి, నీళ్ళలోంచి, బొంగురుగా, గట్టిగా ఫోను మోగింది.

డ్రైవరు చొక్కా చేయి మడిచి, ఫోను పైకి తీసి, నీళ్ళు కారుతుండగానే చెవి దగ్గర పెట్టుకున్నాడు. "హలో! ఆఁ, నేనే. ఇప్పుడు పనిలో ఉన్నానమ్మా, తర్వాత చేస్తా."

హాలు ఒక్కసారిగా పేలింది. జనం కుర్చీలెక్కి చప్పట్లు కొట్టారు. పత్రికలవాళ్ళు రాసుకోవడం మానేసి లేచి నిలబడ్డారు. గ్రాఫుగారు గ్రాఫు సంగతే మరిచిపోయి, పక్కనున్న చేపను కావలించుకుని, సూటు తడిపేసుకున్నాడు.

ఆ తర్వాత కొట్ల ముందు కట్టిన వరసలు వీధి మలుపు తిరిగాయి. చుక్క వదిలి వెళ్ళినవాళ్ళే కాదు, ఎన్నడూ ముట్టనివాళ్ళూ వచ్చారు. అన్నేళ్ళు దగ్గరుంచుకునే వస్తువని తెలిశాక దాని మీద తల్లిపేరు చెక్కించుకున్నవాళ్ళున్నారు, పెళ్ళిరోజు చెక్కించుకున్నవాళ్ళున్నారు. సర్వీసు కౌంటరు అబ్బాయి ఇప్పుడు తాళం ఎలా తిప్పాలో నేర్పుతూ, నిజంగానే నవ్వుతున్నాడు. అతికించిన పాత ఫోన్లను కూడా జిగురు మెల్లగా కరిగించి, పగలకుండా విప్పి బ్యాటరీ మార్చిపెట్టే చిన్న గది పెట్టించింది శిల్పి. గ్రాఫుగారు కాదనలేదు సరికదా, ఆ గదికి బోర్డు తనే రాయించాడు.

డాక్టరమ్మ తీరిగ్గా, జనం తగ్గాక వచ్చింది. మరదలి మాట వినలేదు, కొట్లో కుర్రాడి మాటా వినలేదు. ఫోను విప్పి, పళ్ళు చూసే చిన్న అద్దం తెచ్చుకుని మూలమూలా పరీక్షించింది. "అమరిక కుదిరింది," అని తేల్చింది. "నా కోపం పూర్తిగా పోలేదు. కానీ కొంటాను. ఇంతకీ నా నీలం కాగితాలేవి?"

శిల్పి అక్కడే, అందరి ముందూ, వదినను వాటేసుకుంది. "ఫోను వెనక నీ పేరు వేయాల్సింది వదినా."

"ఛ, వద్దు. అందరూ పన్నుపోట్లని నాకే ఫోను చేస్తారు."

మరుసటి ఏడాది రోడ్డు అవతలి పోటీ కంపెనీ తమ ఖరీదైన ఫోనును గొప్పగా విడుదల చేసింది. వెనక మూతకు చిన్న తాళం ఉంది. గ్రాఫుగారు ఒకటి కొనుక్కుని, ఆయాసపడుతూ శిల్పి గదికి వచ్చాడు. "చూశారా? కాపీ! పచ్చి కాపీ! కేసు వేద్దాం."

శిల్పి ఆ ఫోను అందుకుని, తాళం తిప్పి, తెరిచింది. బాగా చేశారు. లోపల భాగాలు పేర్చిన తీరు తన పనికంటే ఒక చోట మెరుగ్గా కూడా ఉంది. ఆమెకు ఒళ్ళు పులకరించింది. ఇంక ఈ వీధిలో, ఆ వీధిలో, ఏ కౌంటరులోనూ ఏ అబ్బాయీ విప్పడం కుదరదని చెప్పడు. ఖరీదైన ఫోనంటే విప్పుకోగలిగినదే అని లోకం ఒప్పేసుకుంది. మూత మూసి చేపకు అందించింది. చేప ముంచి, తీసి, తుడిచి, దీపం కింద చూశాడు.

"పొడిగా ఉందండీ," అన్నాడు, కాస్త అసూయగా.

"అయితే వాళ్ళకి పెద్ద పూలగుత్తి పంపించండి," అన్నది శిల్పి.

గ్రాఫుగారు నోరెళ్ళబెట్టాడు. "పోటీవాళ్ళకి పూలా! కార్డు మీద ఏం రాయమంటారు?"

"రండి రండి అని రాయండి."